కారే కూలర్ పట్టించిన కొర్రమీను

ఈ ఎండలకు బోధన్ దగ్గర మంజీర నది మడుగులుగా మిగిలింది. ఎర కోసం ఎక్కడ తవ్వినా మట్టి రాయిలా ఉంది, ఒక్క వానపాము లేదు. చివరికి మా పెరట్లో, కారుతున్న కూలర్ కింది బురదలో గుప్పెడు దొరికాయి. బాగు చేయించమని మా ఆవిడ రోజూ పోరే కూలరే అది!

ఈ రోజు పొద్దున్నే లోతు మడుగులో గాలం వేశాను. పక్కన దోస్త్ ఖాజా భాయ్ తన గాలానికి బెల్లం కలిపిన పిండిముద్ద పెట్టాడు. ఎండెక్కేదాకా ఆయన గాలం కదల్లేదు. నాకు మోచేతి పొడుగు కొర్రమీను!

మధ్యాహ్నం పులుసు తింటూ మా ఆవిడను అడిగాను.

"మరి రేపు మెకానిక్‌ను పిలువాల్నా?"

"గిప్పుడేం తొందర? ఈ ఎండకాలం గట్లనే కారనియ్యి."

గెలిచాను! మీ కూలర్ కూడా కారుతోందా? బాగు చేయించే ముందు ఒకసారి తవ్వి చూడండి. మా బురద మాత్రం అడగొద్దు, ఖాజా భాయ్‌కే ఇవ్వలేదు.