మైళ్ళ డయల్ మీద బొట్టు బిళ్ళ

మేం ఇంగ్లండ్ నుంచి సిడ్నీ వచ్చిన కొత్తలో, ఎనభైల చివర్లో జరిగిందిది. డాక్టరైన మా వారు అక్కడి కారును ఓడలో వేయించి మరీ తెచ్చుకున్నారు. దాని స్పీడోమీటరులో అన్నీ మైళ్ళే. ఇక్కడి రోడ్ల మీద బోర్డులన్నీ కిలోమీటర్లలో ఉంటాయి. డయల్ మార్పించమంటే, "కారు ఒరిజినాలిటీ పోతుంది. మనసులో లెక్కేసుకో" అనేవారు.

ఓ ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి బయల్దేరాం. నేనే నడుపుతున్నాను. అరవై కిలోమీటర్ల బోర్డు కనబడగానే ముల్లును ముప్పై ఏడు మైళ్ళ దగ్గర నిలిపాను. ఆయన తొంగిచూసి, "అరవై అని రాసుంటే నలభైలో కూడా పోవేంటి? వెనకాలవాళ్ళు తిట్టుకుంటున్నారు, తొక్కు" అన్నారు. "ఇవి మైళ్ళండీ" అంటున్నా వినలేదు. వెనక సీట్లో మా పాప ఏడుపు, పక్కన ఈయన సణుగుడు. విసుగెత్తి తొక్కాను. ముల్లు యాభై ఐదు దాటిందో లేదో, పోలీసు ఆపాడు.

"తొంభైలో పోతున్నారు, తెలుసా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా వారు నవ్వుతూ, "సారీ ఆఫీసర్, మై వైఫ్ ఈజ్ నాట్ గుడ్ విత్ నంబర్స్" అన్నారు.

నేను గుంటూరులో ఆరేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. ఒళ్ళు మండిపోయింది. జరిమానా కాగితం ఆయన ఒళ్ళో పడేశాను. హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర బొట్టు బిళ్ళ తీసి, డయల్ అద్దం మీద ముప్పై ఏడు దగ్గర అంటించాను. "దీన్ని ముట్టుకుని చూడండి, చెప్తా" అన్నాను.

కారు అమ్మేదాకా ఆ బిళ్ళ అక్కడే ఉంది. ఆయనా దాన్ని చూసుకునే నడిపేవారు. నాకు లెక్కలు రావన్న మాటను మాత్రం ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు.