సెస్ట్రా అన్న పిలుపు

ఎస్తేరు రాణి గారు ఇక లేరు. ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరుతూ గుమ్మంలోనే కూలిపోయారట. ఆటోనగర్‌లోని వారింటికి నేను పరుగున చేరేసరికి, ముప్పై ఏళ్లు రోగుల నాడి చూసిన ఆ చేయి చల్లబడి ఉంది. ఆ చేతిలో నాడి వెతకవలసిన దుర్గతి ఆమె శిష్యురాలినైన నాకే పట్టింది.

విజయవాడలో మా ఆస్పత్రికి ఆమె హెడ్ నర్సు. మితభాషిణి, కర్తవ్యదీక్షాపరురాలు. అయినా ఒక్క మధ్యాహ్నం గురించి చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు.

ఆరేళ్ల కిందటి మాట. ముసురు పట్టి ఉంది. చల్లపల్లి దారిలో కారు కాలువలో పడిందని ఒక విదేశీ యువతిని తీసుకొచ్చారు. డ్రైవరు అక్కడే ప్రాణం విడిచాడు. నడుము సంచిలోని పాస్‌పోర్టును బట్టి ఆమెది స్లొవేనియా అని తెలిసింది. తలకు తగిలిన దెబ్బతో ఇంగ్లీషు కూడా రావడం లేదు. ఒకటే మాట, "సెస్ట్రా... సెస్ట్రా." సిస్టర్ అంటోందనుకుని అందరం పలికాం. "ఇక్కడే ఉన్నానమ్మా, భయపడకు" అని ఎస్తేరు గారు తల నిమిరారు. పలికిన ప్రతిసారీ ఆ పిల్ల తల అడ్డంగా ఊపి గుమ్మం వైపు చూసేది. బయట వాన పెరుగుతోంది.

రెండు గంటలయ్యాక ఎస్తేరు గారి ముఖం మారిపోయింది.

"లక్ష్మీ, ఈ పిల్ల మనల్ని పిలవట్లేదే. ఫోన్లో వాళ్ల భాష చూడు."

చూశాను. "మేడమ్, నర్సునీ అలాగే అంటారంట. కానీ ఇళ్లల్లో తోడబుట్టినదాన్ని అంటారంట. అక్కైనా చెల్లైనా అదే మాట. నా అనడానికి 'మోయా' అంటారు."

ఆమె మంచం పక్కన మోకరిల్లి, "మోయా సెస్ట్రా?" అని అడిగారు. ఆ పిల్ల వెక్కిళ్లు పెడుతూ, మేమిద్దరం అన్నట్టు రెండు వేళ్లు చూపింది.

"ఇంకో అమ్మాయి ఉందండీ నీళ్లల్లో! వెతికించండి, మీకు దండం పెడతా!" పోలీసులతో ఫోన్లో ఆమె అలా అరవడం మేమెప్పుడూ వినలేదు.

సాయంత్రానికి లాకుల దగ్గర చెల్లెలి మృతదేహం దొరికింది.

"కారు పడగానే పోయిందండీ. ముందే తెలిసినా బతికేది కాదు" అన్నారు డాక్టరు గారు.

"అది మీ లెక్క సార్. రెండు గంటలు ఆ పిల్ల చెల్లెల్ని అడుగుతుంటే, నేనున్నానని చెప్పింది నేను."

ఆ కబురు ఆ పిల్లకు ఎస్తేరు గారే చెప్పారు. ఆ యువతి తండ్రి వచ్చేదాకా ఇంటికి వెళ్లలేదు. ఆ తర్వాత మా అందరికీ ఒకటే బోధ: "రోగి పిలిస్తే పలకండి. కానీ ఎవర్ని పిలుస్తున్నారో కనుక్కునే దాకా ఊరుకోవద్దు."

ఆ కరుణామూర్తికి అశ్రునయనాలతో అంజలి ఘటిస్తున్నాను. ఆమె స్థానంలో ఇప్పుడు నన్ను కూర్చోబెట్టారు. ఈ ఉదయం నుంచి ఆరో మంచం మీది ఒడియా కూలీ మగతలో ఒకే మాట గొణుగుతున్నాడు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం అవుతోంది. అది ఎవరి పేరో నాకింకా తెలియలేదు.