ఏటి రాళ్ళు

మా ఆయనకి ఇంకొకళ్ళు చేసిన పని ఎప్పుడూ నచ్చలేదు. తలుపు బిగించిన వడ్రంగి వీధి మలుపు తిరగకముందే ఈయన మడతబందులు ఊడదీసేవాడు. కుళాయి కారినా, పైకప్పు రేకు లేచినా, గోడ బీటలిచ్చినా, "పనిసేతకానోళ్ళు" అని ఊరందరినీ కలిపి ఒక తిట్టు తిట్టి, ఆదివారం ప్రార్థన నుంచి రాగానే చొక్కా విప్పి దిగిపోయేవాడు. నిజం చెప్పాలంటే చేతిపని బాగానే వచ్చు. ఆ గర్వమే మా కొంప ముంచింది.

డెబ్భైల్లో మేం ఒరిస్సా కొండల మీద కొరాపుట్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఆఫీసులో గుమాస్తా, నేను ఆస్పత్రిలో నర్సుని. తెల్లదొరల కాలంనాటి బంగళాని రెండుగా చీల్చి సగం మాకు అద్దెకిచ్చారు. ముందు గదిలో, గోడలోకి కట్టిన రాతిపొయ్యి ఒకటి ఉండేది, చలి కాచుకోవడానికి. ఇంటాయన దాన్ని ఫైర్‌ప్లేసు అనేవాడు. శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున పుట్టి పెరిగిన మా అత్త దాన్ని గోడపొయ్యి అంది, మేమూ అదే అన్నాం. మా వైపు చలికి గోడలో మంట పెట్టుకోవడం ఎవరికి తెలుసు?

మామగారు పోయాక అత్త మా దగ్గరికి వచ్చేసింది. వేరే పిల్లలు లేరు, ఎక్కడానికి ఇంకో గడప లేదు. ఆవిడకి ఉబ్బసం. కొరాపుట్ మంచు ఆ ఊపిరికి సరిపడలేదు. గది వెచ్చగా ఉండాలి, పొగ మాత్రం ఉండకూడదు, ఆ రెండూ కుదరకపోతే ఈ చలికాలం గడవడం కష్టమని మా ఆస్పత్రి డాక్టరు నాతో చెప్పాడు.

మా ఇంట్లో ఆ రెండూ కుదరలేదు. ఇంటాయన పిలిపించిన తాపీమేస్త్రీ పాత పొయ్యిని బాగుచేస్తూ, పొగగొట్టం మెడ దగ్గర ఇటుకలు అడ్డదిడ్డంగా పేర్చి దారి సగానికి సగం మూసేశాడు. మంట వేస్తే పొగంతా గదిలోకే. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, మా ఇంట్లో నిప్పు ఆరాక కూడా పొగ వచ్చేది. ఒక సాయంత్రం అత్త దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని నాకేసి చూసింది.

"ఏటమ్మీ, పొమ్మన్లేక పొగెట్టేరేటి?"

పరాచికానికే అంది. నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. తల్లిని కొడుకు పొగబెట్టి పంపేస్తున్నాడన్న మాట, ఎగతాళికైనా, ఆయన గుండెలో దిగబడిపోయింది. మర్నాడే గునపం పట్టుకుని పొయ్యి ముందు భాగమంతా ఊడగొట్టి, పొగగొట్టం మెడని కూడా విప్పి సరిగా కట్టాడు.

ఆఫీసు పని మీద రాయగడ వెళితే, అక్కడ నాగావళిలో నీళ్ళు తగ్గి రాళ్ళు తేలి ఉన్నాయట. నున్నటివి, గుండ్రటివి, కొన్నిటి మీద ఎర్రటి చారలు. ఆ నీళ్ళే కిందికి మా ఊరు పోతాయి. అమ్మకి మన నది రాళ్ళతోనే పొయ్యి కడదామని ఆయనకి బుద్ధి పుట్టింది. గోనెసంచుల్లో నింపి, బస్సు టాపు మీద వేయించి, దారంతా కండక్టరు చేత తిట్లు తిని తెచ్చాడు. అత్త ఒక సంచిలో చెయ్యి పెట్టి తడిమింది.

"ఏటి రాళ్ళురా ఇవి?"

"ఏటి రాళ్ళేనమ్మా."

"అదేరా, ఏటి రాళ్ళని అడుగుతన్నాను."

"అదే సెప్తన్నాను. ఏటి రాళ్ళే. మన నాగావళివి."

మా యాసలో ఏమిటి అన్నా 'ఏటి'యే, ఏరులోది అన్నా 'ఏటి'యే. సంగతి అర్థమయ్యాక ఆవిడ పడీపడీ నవ్వింది. ఒక రాయిని ఒళ్ళో పెట్టుకుని చెంగుతో తుడిచింది. ఆ ఊరు వచ్చాక ఆవిడ ముఖం అంత తేటపడటం నేను చూడలేదు. ఇవి ఎలాంటి రాళ్ళు అన్నది నిజంగా అడగవలసిన ప్రశ్న. దాన్ని మేం ముగ్గురం కలిసి నవ్వులో పోగొట్టుకున్నాం.

పొయ్యి అందంగా కుదిరింది. పొగ పాయ ఒక్కటి కూడా గదిలోకి రాలేదు. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకుంటే మా ఆయన నడుం మీద చేతులేసుకుని విన్నాడు. అత్త పీట వేసుకుని మంటకి దగ్గరగా కూర్చునేది. దగ్గు తగ్గింది, వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగింది. ఇక ఈ చలికాలం గడిచిపోతుందనే అనుకున్నాను.

క్రిస్మస్ ముందు చలి ముదిరింది. ఆ సాయంత్రం ఆయన కట్టెలు రోజూకన్నా ఎక్కువ పేర్చాడు. మంట ఎత్తుగా లేచింది. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఏటి రాయి లోపల తడి దాచుకుంటుందని, బాగా కాగితే పేలుతుందని మాకెవ్వరికీ తెలీదు. మా ఏటిగట్టు ఊళ్ళలో అందరివీ మట్టిపొయ్యిలే. రాతి ముక్క వచ్చి అత్త ఎడమ కంటికి తగిలింది. నేను నర్సుని, చూడగానే ఆ కన్ను పోయిందని తెలిసిపోయింది.

అత్త ఇక ఆ గదిలోకి రాలేదు. వెనక గదిలో చెమ్మగోడ పక్కన మంచం వేయించుకుంది. మా ఆయన మొదట "రాయి మంచిదే, మంటే ఎక్కువైంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తప్పంతా కట్టెల మీద పెట్టాడు. తర్వాత అదీ మానేసి, ఆ గోడ వైపు చూడటమే మానేశాడు. ఊరందరి పనినీ విప్పి సరిచేసిన మనిషి తన పని మీద గునపం వెయ్యలేకపోయాడు. నాకు జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చింది. అక్కడ ఆవిడ ఊపిరి ఈల వేస్తోంది, ఇక్కడ ఈయన పరువు చూసుకుంటున్నాడు.

సెలవు రోజు చూసి నేనే గునపం తీసుకున్నాను. ఆ రాళ్ళన్నీ ఊడదీసి పెరట్లో పారేశాను. మంట తగిలే చోట ఇటుకలు పెట్టి బంకమట్టి మెత్తాను. పొగగొట్టం జోలికి పోలేదు, దాన్ని ఆయన బాగా కట్టాడు, కాదనను. నా పని వంకరటింకరగా, చూడ్డానికి అసహ్యంగా ఉంది. కానీ పొగ రాలేదు, ఏదీ పేలలేదు. సాయంత్రం ఆయన వచ్చి చూసి, కాళ్ళు కడుక్కోడానికి పోయాడు.

అత్తని రమ్మంటే రాలేదు. భయమేమో అనుకున్నాను.

"బయం కాదే అమ్మీ. ఆడు కట్టిందాన్ని పీకీసి నువ్వు కట్టేవు. దాని కాడ నాను కూకుంటే ఆడి మొకం ఏటవుద్ది? ఆడు ఆపీసుకి ఎల్లేక తీసికెల్లు."

అలాగే చేశాను. పగటి డ్యూటీ లేని రోజుల్లో, ఆయన గేటు దాటగానే ఆవిడని నడిపించుకొచ్చి మంట దగ్గర కూర్చోబెట్టేదాన్ని. ఆయన వచ్చే వేళకి మళ్ళీ వెనక గదికి చేర్చేదాన్ని. కన్నకొడుకు ఇంట్లో ఆవిడ దొంగతనంగా చలి కాచుకుంది. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో ఆ కాస్తా లేదు.

ఒకనాడు ఆయన ముందుగా వచ్చేశాడు. అత్త మంట ముందు కునుకుతోంది, గేటు చప్పుడు వినలేదు. ఆయన గుమ్మం దాకా వచ్చి, తల్లిని చూసి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల మంచులో, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసు విడిచే వేళ దాటేదాకా అక్కడే ఉన్నాడు. నేను అత్తని లోపల పడుకోబెట్టాక వచ్చి, ఈ వేళ పని ఎక్కువైందన్నాడు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అత్తకి చెబితే ఆ పగటి మంట కూడా మానేస్తుందని నా భయం.

ఆ చలికాలం ఆవిడ దాటలేదు. చివరి రోజుల్లో మాట సరిగా వచ్చేది కాదు. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగేది.

"ఆడికి తెల్దు కదే?"

"తెల్దత్తా" అనేదాన్ని. గుమ్మం అవతల నిలబడి ఆయన వింటూనే ఉండేవాడు.