హైదరాబాద్‌లో ఎక్కని విమానం

టికెట్టు కింద ఉన్న ఆ వాక్యం నేను చదివాను. అక్క ప్రయాణానికి వారం ముందే చదివాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

అక్కకు మస్కట్‌లో ఒక దవాఖానలో ఆయా పని కుదిరింది. ఆదివారంలోగా చేరకపోతే పని ఇంకొకరికి ఇస్తామని ఏజెంటు ముందే చెప్పాడు. హైదరాబాద్‌లో ఒక విమానం ఎక్కి బెంగళూరులో దిగాలి, అక్కడ రెండోది ఎక్కాలి. రెండూ ఒకే టికెట్టు. వనపర్తిలో మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి అది నా ఫోనులోనే ఉంది. మొదటి విమానం ఎక్కకపోతే మిగతా ప్రయాణం మొత్తం రద్దవుతుందని అందులో రాసి ఉంది.

గద్వాలలో అక్క అత్తగారింట్లో అందరం కూర్చున్నప్పుడు మా మేనమామ ప్రయాణం సంగతి తేల్చేశాడు. బావ బెంగళూరులో మేస్త్రీ. పాపను ఆయన దగ్గర వదిలి అటునుంచి అటే వెళ్లాలని అక్క కోరిక.

"మల్ల హైద్రాబాద్‌కు ఎనుకకు పోవుడెందుకు? హైద్రాబాద్ నుంచి బస్సు టికెట్ తీసి మనం ఎర్రవల్లి చౌరస్తాల ఎక్కుతలేమా? కండక్టర్ సీటు ఉంచుతలేడా? గిది గూడ గంతే. బెంగళూర్ల ఎక్కుతది," అన్నాడు మామ.

"మామా, టికెట్ల ఒక మాట రాసుంది," అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"ఏందే పుస్తకాల పురుగు, నువ్వెన్నిసార్లు ఎక్కినవ్ విమానం?"

అందరూ నవ్వారు. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది. "దానికి బస్సు ఆపమని చెప్పనీకె సిగ్గు మామా. దిగే ఊరు దాటిపోయినా గట్లనే కూసుంటది."

సిగ్గు వల్లే ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. వీళ్లకు తెలిసిరానీ అని కూడా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున నేను, అక్క, పాప ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాం. ఎడమకు పోతే హైదరాబాద్, కుడికి పోతే బెంగళూరు. విమానం మరునాడు. అరగంటసేపు బస్సు రాలేదు. ఆ అరగంటలో ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. సంచులన్నీ నాకిచ్చి అక్క పాపకు బిస్కెట్లు తినిపిస్తూ ఉంది. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

శనివారం పాపను బావ దగ్గర వదిలి వచ్చాక, మధ్యాహ్నం బెంగళూరు విమానాశ్రయంలోకి అక్కను ఒక్కదాన్నే పోనిచ్చారు. నేను బయట అద్దాల దగ్గర ఆగాను. కాసేపటికి ఆమె ఫోన్ చేసి, "ఈమెతోని జర మాట్లాడు," అని కౌంటర్లో ఉన్నామెకు ఇచ్చింది.

"పొద్దున హైదరాబాద్ ఫ్లైట్‌కి రాలేదనగానే రెండోది కూడా క్యాన్సిల్ అయిపోయింది," అంది ఆమె తెలుగులోనే. "ఇవాళ సీట్లు లేవు. మళ్లీ సోమవారమే. టికెట్‌లో రాసే ఉంది, చదవలేదా?"

"చదవలేదు," అన్నాను.

అక్క బయటికి వచ్చేలోపు మామ ఫోన్ వచ్చింది. "టికెట్ ఎవ్వరి ఫోన్ల ఉండె? చదువుకున్నది నువ్వా, నేనా?"

"ఆ దినం చెప్పబోయిన మామా."

"చెప్పబోయినవా, చెప్పినవా?"

తను అన్న మాట ఆయనకు గుర్తు లేదు, గుర్తు చేసే ధైర్యం నాకు లేదు. ఆయన మీద అసహ్యం మాత్రం నిండుగా ఉంది.

పాపను బావ దగ్గరి నుంచి మళ్లీ తీసుకొని తిరుగు బస్సెక్కాం. కర్నూలు దాటాక అక్క, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా, "ఆ దినం టికెట్ల ఏమో రాసుందంటివి. ఏం రాసుండె?" అంది.

"యాదికి లేదు," అన్నాను.

సోమవారం ఆ పని ఇంకొకామెకు పోయింది. అక్క మళ్లీ కూలికి పోతోంది. రెండు నెలల తర్వాత వేరే ఏజెంటు ఇచ్చిన దరఖాస్తు పట్టుకొని వనపర్తికి వచ్చింది. అంతా ఇంగ్లీషు. అమ్మ దాన్ని నా ముందు పెట్టింది. నేను పెన్ను తీశాను. అక్క కాగితం లాగేసుకొని మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటూ నాతో అన్న మాటే ఆఖరు. ఇప్పటికీ మళ్లీ మాట్లాడలేదు.

"తొవ్వల పోయేటోళ్లతోనన్న చదివించుకుంట గని, నీతోని కాదు."