కిరసనాయిలు వాసన వేసిన గుండె

ఆ పంపు నాది కాదు. ఈ చిన్న మాట చెప్పడానికి ఒక్క గుక్క గాలి పీల్చి నోరు తెరిస్తే చాలు. జగ్గయ్యపేటలో ఒక బడి గదిలో, నిండా జనం చూస్తుండగా, నేను గాలి అయితే పీల్చాను గానీ మాట బయటికి రాలేదు. ఆ తర్వాత సైన్సు మాస్టారినయ్యాను. ఊపిరి ఎలా పీలుస్తామో, గుండె ఎలా కొట్టుకుంటుందో ఏటా పిల్లలకి చెబుతూనే ఉన్నాను (నా గుండె సంగతి మాత్రం పాఠంలో లేదని దాటేస్తూ). ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఇన్నేళ్ళలో ఆ పంపు నిజంగా నాదేనని నాకే నమ్మకం కుదిరిపోయేంత పనైంది, ఇకనైనా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజుల్లో కంప్యూటరంటే ఇంట్లో ఉండే వస్తువు కాదు, గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికెళ్ళి చూసొచ్చే వస్తువు. నేను నందిగామలో బీఈడీ చదువుతూ, సాయంత్రాలు ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్నది ఏమంత లేదు. అక్షరాలు తెరమీదికి ఒక్కొక్కటే ఎగిరొచ్చి వాలేట్టు చేయడం, అవి వాలినప్పుడల్లా చప్పట్ల మోత వచ్చేట్టు చేయడం, అంతే. కానీ మా బ్యాచ్‌లో మిగతావాళ్ళకి అదీ రాదు కాబట్టి నేను మేధావిని. అందరూ నన్ను 'స్లైడు' అని పిలిచేవాళ్ళు. వెక్కిరింత అని తెలియక పొంగిపోయేవాణ్ణి.

మా బ్యాచ్‌లోనే చిల్లకల్లు నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. మాకంటే పెద్దది, పెళ్ళయి చంటిబాబున్నాడు. అత్తగారింట్లో కిరాణా కొట్టు. ప్రతి పాఠానికీ చేత్తో చార్టులు గీసుకొచ్చేది కాబట్టి మాకందరికీ ఆవిడ చార్టులక్క. కంప్యూటరంటే ఆవిడకి భయమూ లేదు, భక్తీ లేదు. ఒకసారి నా స్లైడ్లు అన్నీ ఓపిగ్గా చూసి, "బాగున్నాయి తమ్ముడూ. ఇందులో నువ్వెక్కడొస్తావు?" అంది. ఈర్ష్య అనుకున్నాను.

చదువు చివర్లో ఫైనల్ లెసన్లుంటాయి. బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడు, బడిలో నిజం పిల్లలకి నిజం పాఠం చెప్పి చూపించాలి. మాకు జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు బడి ఇచ్చారు. ఆ బడి కరస్పాండెంటు గారు ముందే ఒక మాటన్నారు: జీవశాస్త్రం పాఠం ఎవరు బాగా చెబితే వాళ్ళని వచ్చే ఏడు నుంచి తమ బళ్ళో టీచరుగా తీసుకుంటారట. ఆ మాట వినగానే చార్టులక్క మొహం వెలిగిపోయింది. చిల్లకల్లుకి జగ్గయ్యపేట పక్కనే. బాబుని వదిలి దూరం పోనక్కర్లేదు. "ఈ ఒక్కటీ వస్తే చాలు తమ్ముడూ, మా ఇంట్లో ఇంకెవరూ నన్ను కొట్లో కూచోమనరు" అంది. నాకు కూడా ఆ ఉద్యోగం కావాలి. ఎందుకంటే, ఏమో, అది నాకే వస్తుందని అందరూ అనుకుంటున్నారు కాబట్టి.

ఇద్దరికీ ఒకే పాఠం వచ్చింది: గుండె పనిచేసే తీరు. 'ఎ' సెక్షన్లో నేను, ఆ వెంటనే 'బి' సెక్షన్లో ఆవిడ.

వారం ముందే నందిగామ నుంచి జగ్గయ్యపేటకి సెంటర్ వాళ్ళ కంప్యూటరునీ, కాలేజీ వాళ్ళ ప్రొజెక్టరునీ బస్సులో తీసుకెళ్ళాను. మానిటర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు దుప్పటి కొంచెం తొలగించి చూసి, "ఇదేందయ్యా, టీవీనా?" అన్నాడు. "కంప్యూటరండీ." "ఒళ్ళో కూచుంటే టికెట్ లేదు. సీట్లో కూచుంటే లగేజీ." దాంతో ఊరు చేరేదాకా ఒళ్ళోంచి దించలేదు. చిల్లకల్లు దగ్గర అక్క ఎక్కింది, చేతిలో మూతపెట్టిన వెదురుబుట్టతో. నన్నూ నా మూటనీ చూసి, "బాబా, పాపా?" అంది. బస్సంతా నవ్వింది.

బడి గదిలో తెర లేదు. మా నాన్న జరీ అంచు పంచె తెచ్చి బ్లాక్‌బోర్డు మీద కట్టాను. గుండె బొమ్మ పడితే చుట్టూ జరీ అంచుతో పెళ్ళికొడుకులా ఉండేది. ఇక రిహార్సల్ అనే ఆచారం గురించి చెప్పాలి. ఫైనల్ లెసన్‌కి ముందు పిల్లలకి పాఠం అంతా ఒకసారి నేర్పించి పెట్టుకోవడం మాలో మామూలే. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవాళ్ళకి గది నిండా చేతులే కనిపిస్తాయి. నేను ఒకసారితో ఆగానా? స్లైడ్ల మోజులో రోజూ అదే పాఠం వేసి చూపించాను. పిల్లలకి ఏ మాట తర్వాత ఏ బొమ్మొస్తుందో, ఎక్కడ చప్పట్లొస్తాయో నోటికొచ్చేసింది. బాగా నేర్చుకున్నారని మురిసిపోయాను.

కరెంటు గురించి కూడా జాగ్రత్తపడ్డాను. ముందురోజే లైన్‌మ్యాన్‌ని వెతికి పట్టుకుని, "రేపు పొద్దున కరెంటుంటుందా అండీ?" అని అడిగాను. "ఉంటది. పోతే మళ్ళీ వస్తది" అన్నాడాయన. మొదటి ముక్క మాత్రమే విని వచ్చేశాను.

మర్నాడు వెనక బల్లల్లో పరీక్షాధికారి, కరస్పాండెంటు గారు, మా లెక్చరరు, పక్కన తోటి విద్యార్థులు. కిటికీ దగ్గర బుట్టతో అక్క. పిల్లలకి నమస్కారం పెట్టించి, ఏదో ప్రశ్న అడిగి, పాఠం పేరు చెప్పి, ప్రొజెక్టరు వేశాను. గుండె వచ్చి పంచె మీద వాలింది. 'ఎడమ కర్ణిక' అక్షరాలు ఎగిరొచ్చాయి. మోగాయి చప్పట్లు. కరస్పాండెంటు గారు కుర్చీలో ముందుకి జరిగారు. అంతలో టక్కుమని గుండె ఆగిపోయింది. ఫ్యానూ ఆగింది.

నేను నోరు తెరుచుకుని పంచె వంక చూస్తున్నాను. పిల్లలు మాత్రం ఆగలేదు. నేర్పింది నేర్పినట్టు, ఖాళీ పంచె వంకే చూస్తూ, "కుడి జఠరిక!" అని అందరూ ఒక్కసారే అరిచారు. అరిచి, ధనధనా చప్పట్లు కొట్టారు. కాసేపాగి, "కవాటం!" మళ్ళీ చప్పట్లు. పరీక్షాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందు బల్లలో ఉన్న జడల పిల్లని లేపాడు.

"ఎందుకమ్మా చప్పట్లు కొడుతున్నారు?"

"ఇక్కడ కంప్యూటర్ కొడతది సార్. ఇయాల కరెంట్ లేదుగా, అందుకని మేం కొడుతున్నాం."

తోటి విద్యార్థులు నోళ్ళు చేతుల్తో మూసుకున్నారు. మా లెక్చరరు తల దించుకున్నారు. పరీక్షాధికారి నా వంక తిరిగి, కోపంగా ఏమీ కాదు, మామూలుగానే అడిగాడు: "సరే బాబూ. యంత్రం పోయింది. ఇంకేముంది నీ దగ్గర?"

ఏమీ లేదు. అప్పుడు కిటికీ పక్కనుంచి వెదురుబుట్ట బల్లల చాటుగా జరుగుతూ నా కాలి దగ్గరికొచ్చింది. అక్క వంగి చిన్నగా, "ఆ బుడగ నొక్కు. నీళ్ళు ఒకవైపే పోతాయి, వెనక్కి రావు. అదే చెప్పు" అంది.

బుట్టలో ఉన్నది కిరసనాయిలు తోడే చేతిపంపు. కొట్లలో పీపాలోంచి సీసాల్లోకి పోయడానికి వాడేది, మధ్యలో ఎర్ర బుడగ, రెండు వైపులా గొట్టాలు. దాన్ని రెండు గాజు సీసాలకి అమర్చి, నీళ్ళల్లో పారాణి కలిపింది. బుడగ నొక్కాను. ఎర్రనీళ్ళు జర్రున ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి ఎక్కాయి. వదిలితే వెనక్కి రాలేదు. పిల్లలు బల్లలు దిగి ముందుకొచ్చేశారు. "ఎందుకు రాట్లేదు సార్? లోపలేముంది సార్?" ఎవరూ నేర్పించని ప్రశ్నలు అవి. "లోపల చిన్న తలుపుంది. మన గుండెలో ఉన్న ఆ తలుపునే కవాటం అంటాం" అన్నాను. అది నా జీవితంలో నేను నిజంగా చెప్పిన మొదటి పాఠం. గదంతా కిరసనాయిలు వాసన.

పాఠం అయ్యాక పరీక్షాధికారి లేచి నా భుజం తట్టాడు. "కంప్యూటరు తెచ్చినందుకు కాదయ్యా. అది పోతే ఏంటని ముందే ఆలోచించి ఇది చేసుకొచ్చావు చూడు, అందుకు. నువ్వే చేశావా?"

గాలి పీల్చాను. "అంటే సార్..." అన్నాను. ఆయన అప్పటికే రాసుకుంటున్నాడు. వినయం అనుకున్నాడు కాబోలు, నవ్వాడు కూడా.

ఆ వెంటనే 'బి' సెక్షన్. అక్క బుట్ట తీసుకెళ్ళి బల్లమీద పంపు పెట్టింది. పరీక్షాధికారి చెయ్యెత్తి ఆపాడు. "అమ్మా, అది ఇందాక ఆ అబ్బాయి చూపించిందేగా. మీరంటూ చేసుకొచ్చిందేదీ లేదా?"

అక్క నా వంక చూసింది. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి, వస్తున్న బస్సు ఆగుతుందా లేదా అని చూస్తుందే, అలాగ. నేను తోటివాళ్ళ పాఠాల గురించి రాసుకునే పరిశీలన పుస్తకంలో తలదూర్చి ఏదో రాస్తున్నట్టు నటించాను. బస్సు ఆగలేదు. ఆవిడే చెప్పొచ్చుగా అంటారేమో. చెబితే నా పాఠానికి మార్కులు పోతాయని ఆవిడకి తెలుసు. "లేదండీ" అని, పంపు తీసి పక్కన పెట్టి, సుద్దముక్కతో బోర్డు మీద గుండె గీసుకుంటూ పాఠం చెప్పింది. బాగా చెప్పింది. కానీ అప్పటికే కరస్పాండెంటు గారు లేచి వెళ్ళిపోయారు.

ఉద్యోగం నాకొచ్చింది. పంపు కూడా నాకే వచ్చింది. హడావిడిలో వైర్లు తెచ్చిన నా అట్టపెట్టెలో పడి నందిగామ చేరింది. తిరిగిచ్చేస్తే అసలు సంగతి బయటపడుతుందని ఇవ్వలేదు. ఆ బళ్ళో ఏడాది చేశానుగానీ పాఠం చెప్పింది తక్కువ. కంప్యూటరు సారునని, ప్రోగ్రెస్ కార్డులూ, కరస్పాండెంటు గారి బంధువుల శుభలేఖలూ అచ్చు తీయడంలోనే పుణ్యకాలం గడిచిపోయింది. తర్వాత డీఎస్సీ రాసి సర్కారు బడికొచ్చాను. ఒకసారి నందిగామ బస్టాండులో అక్క కనిపించింది. వెళ్ళాల్సింది విజయవాడ అయినా, ఎదురుగా కనిపించిన కోదాడ బస్సెక్కి పారిపోయాను.

మొన్నామధ్య మా బడికి పెద్ద టచ్ బోర్డు వచ్చింది. వేలితో తాకితే చాలు గుండె తిరుగుతుంది, విడిపోతుంది, కొట్టుకుంటుంది. దాన్ని వాడటం నేర్పడానికి మాస్టర్లందరినీ నందిగామ పిలిచారు. నేర్పేవాళ్ళలో చార్టులక్క ఉందని ముందే తెలిసింది. అటక మీంచి పంపు దించుతుంటే మా ఆవిడ, "కిరసనాయిలు మానేసి ఎన్నేళ్ళైంది, ఇప్పుడెందుకండీ అది?" అంది. "ఒకళ్ళది. ఇచ్చేసి రావాలి" అన్నాను.

అక్క నెరిసిన జుట్టుతో, మెడలో కళ్ళజోడుతో, ఆ బోర్డుని రోట్లో పచ్చడి నూరినంత అలవాటుగా వాడేస్తోంది. వెనక బల్లలో నక్కి కూచున్నాను. టీ వేళకి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఏం స్లైడుగారూ, కనబడకూడదనే వెనకాల కూచున్నావా?"

నేను సంచీలోంచి పంపు తీసి ఇచ్చాను. ఎర్ర బుడగ గట్టిపడి, పగుళ్ళిచ్చింది. అక్క దాన్ని వాసన చూసింది. "ఇంకా పోలేదు సుమీ! మా మామయ్య దీనికోసం ఎంత వెతికాడో. పోయిందని అబద్ధం చెప్పా. కొత్తది కొనేదాకా పాపం ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చి కిరసనాయిలు తోడేవాడు. గుక్క లోపలికెళ్ళినప్పుడల్లా ఉమ్ముతూ నా వంక చూసేవాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అడిగాను. "బాధపడ్డావా అక్కా?"

"పడ్డా. లేదని ఎందుకనాలి? పక్కూళ్ళో ఉద్యోగం పోయి, బాబుని అత్తయ్యకిచ్చి పొద్దున్నే బస్సెక్కి ఎక్కడికో పోయి పాఠాలు చెప్పొచ్చా. పంపు నువ్వు వాడినందుకు కాదు తమ్ముడూ. నేనే ఇచ్చా కదా. నేను నీ వంక చూస్తే నువ్వు పుస్తకం వంక చూశావే, అందుకు."

"తప్పైపోయిందక్కా" అన్నాను.

"ఇక్కడ టీ గ్లాసుతోనా? ఆ రోజు ఎంతమంది ముందు ఊరుకున్నావు? పద లోపలికి."

లోపలికి నడిచాను. బోర్డు ముందు నిలబెట్టి పంపు నా చేతికిచ్చింది. గది నిండా మాస్టర్లు, కొంతమంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. గాలి పీల్చాను. ఈసారి మాట కూడా వచ్చింది. "ఈ పంపు నాది కాదండీ" అని మొదలుపెట్టి, బస్సు, పంచె, జడల పిల్ల, పరిశీలన పుస్తకం, ఏదీ దాచకుండా చెప్పాను. చివర ఆవిడ వైపు తిరిగి, "అక్కా, ఆ రోజు చెప్పాల్సింది. చెప్పలేదు. క్షమించు" అన్నాను.

అక్క ముందుకొచ్చి కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మీద ఎక్కడో వేలితో తాకింది. బోర్డులోంచి ధనధనా చప్పట్లు మోగాయి. ముందు వరసలో కుర్ర మాస్టరొకడు బిత్తరపోయి, "ఈ చప్పట్లేంటి మేడమ్?" అన్నాడు.

అక్క నా వంక చూసింది. ఈసారి నేను తల దించుకోలేదు.

"ఇక్కడ కంప్యూటర్ కొడతది సార్" అన్నాను.