పెన్సిల్‌తో మార్కులేసిన మేడం

మా మేడం పోయారు. రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, మళ్లీ లేవలేదట. ఆ సమయానికి నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని మా ఆఫీసులో కూర్చుని, నా కింద పనిచేసేవాళ్లకు ఏడాది చివరి రేటింగులు వేస్తున్నాను. కాలేజీలో నాతో చదివిన రజిత ఫోన్ చేసి, "మేడం పోయిన్రు గదనే" అంది. ఆ పూట ఇంకెవరికీ మార్కు వేయబుద్ధి కాలేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. దుబాయ్‌లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో బీబీఏ పిల్లలకు ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెప్పేవారు. గోదావరి జిల్లా మనిషి. నూలు చీర, దాని కింద స్పోర్ట్స్ బూట్లు. ఊరంతా ఏసీలో వణుకుతుంటే ఆమె గదిలో మాత్రం ఏసీ ఆపేసి ఉండేది. అడిగితే, "వణుకుతూ మాట్లాడితే నిజం చెప్పేవాడు కూడా దొంగలా కనిపిస్తాడమ్మా" అనేవారు. క్లాసు అయిపోగానే బోర్డు మూల తనకు తానే ఒక గ్రేడు రాసుకునేవారు. ఎక్కువ రోజులు సి. ఒకసారి డి రాసుకుని, "ఇవాళ నాకే అర్థం కాలేదు, మీకేం అవుద్ది, రేపు మళ్లీ చెప్తా" అంటూ డస్టర్ దులిపారు.

ఆమె మార్కులు వేసే పద్ధతి ఆ కాలేజీలో ఇంకెవరికీ లేదు. దిద్దిన పేపరు మీద మార్కు పెన్సిల్‌తో ఉండేది. ఎవరైనా ఒప్పుకోకపోతే ఆమె గదికి వెళ్లి, ఎదురు కుర్చీలో కూర్చుని, తాము రాసింది తామే పైకి చదవాలి. ప్రతి వాక్యం చివర ఆమె ఒకటే ప్రశ్న వేసేవారు. మిగతావాళ్లను "సో?" అనీ, మా తెలుగువాళ్లను "అయితే?" అనీ. జవాబు లేని వాక్యాన్ని రాసినవాళ్లే కొట్టేయాలి. చివరికి మిగిలినదాన్ని బట్టి మార్కు మళ్లీ వేసేవారు, ఈసారి ఇంకుతో. అది పెరగనూ వచ్చు, తరగనూ వచ్చు. మార్కు పెంచమని వెళ్లిన ఒక కేరళ అబ్బాయి, ఉన్నది కాస్తా తగ్గించుకుని "థాంక్యూ మేడం" అంటూ బయటికి రావడం నేను కళ్లారా చూశాను. గట్టిగా బతిమాలేవాళ్లకు ఆమె చెప్పే మాట ఒకటుండేది. "బట్టల కొట్లో మీటరు కర్ర, నీ మొహం చూసి సాగుద్దా?"

అప్పటికి నేను ఇంజినీరింగ్ సగంలో వదిలేసి, ఇంటీరియర్ డిజైన్‌లో చేరి, అదీ వదిలేసి, బీబీఏకి వచ్చి పడ్డాను. ఎక్కడా కాలు నిలవని పిల్లనని ఇంట్లో పేరు. ఆ ఏడాది మొదట్లోనే నాన్న తేల్చి చెప్పాడు. "చూడు బిడ్డా, ఒక్క సబ్జెక్టు పోయినా ఇగ ఖలాస్. హన్మకొండ పోయి అత్తమ్మ కాడ ఉండి డిగ్రీ కట్టుకో. నాతోని కాదు." అత్తమ్మ, అంటే మా మేనత్త, మంచిదే. కానీ నేను పెరిగింది ఇక్కడ. నా మనుషులు, నా దారులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. కాబట్టి మేడం సబ్జెక్టు గట్టెక్కడం అంటే నాకు ఈ ఊళ్లో ఉండటమే.

ప్రాజెక్టు కోసం ఏదైనా పని జరిగే చోటికి వెళ్లి, అక్కడి లోపం పట్టుకుని రాయమన్నారు. మా బాబాయ్ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో కార్మికులుండే ఒక క్యాంపులో మెస్ సూపర్‌వైజర్. కంపెనీ అనుమతి తీసుకుని, సాయంత్రాలు నన్ను వంటగది పక్కన కూర్చోబెట్టాడు. బస్సులు దిగిన మనుషులు స్నానం కూడా చేయకుండా లైనులో నిలబడేవాళ్లు. ఆ లైను తలుపు దాటి, ఆవరణ దాటి, బస్సులు ఆగే చోటు దాకా ఉండేది. "ఇంకో కౌంటర్ పెట్టమంటే ముదీర్ వినడమ్మా" అని బాబాయ్ విసుక్కునేవాడు. ముదీర్ అంటే వాళ్ల మేనేజర్.

నేను లావుపాటి రిపోర్టు రాశాను. నిర్వచనాలు, పుస్తకాల పేర్లు, రంగు రంగుల పటాలు. పెన్సిల్‌తో డి వచ్చింది. డి అంటే ఫెయిలే. వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"క్యూ అనేది ఆధునిక సంస్థలన్నింటిలో ఒక ముఖ్యమైన సమస్య" అని చదివాను.

"అయితే?"

కొట్టేశాను. ఆ పేజీ అంతా అలాగే పోయింది, తర్వాతి పేజీ కూడా. చెమట పట్టింది, ఏడుపొచ్చింది.

"మేడం, ఇట్లా కొట్టేసుకుంటూ పోతే ఏం మిగులుతుంది?"

"అదే చూద్దాం అంటున్నాను. చదువు."

చివరి పేజీలో, ఏదో రాయాలి కదా అని రాసిన ఒక పేరా ఉంది. అన్నం తినేవాళ్లూ, రొట్టె తినేవాళ్లూ ఒకే లైనులో వస్తున్నారు. అన్నం, రొట్టెలు రెండూ లైను చివరే. రొట్టె కావాలన్నవాడు పెనం మీది వేడి రొట్టె కోసం ఆగుతాడు. వాడి వెనక, క్షణంలో అన్నం పెట్టించుకుని పోయేవాడు కూడా ఆగుతాడు.

"అయితే?"

"రొట్టెల బల్ల అవతలి గోడ వైపు పెడితే, అన్నం తినేవాళ్లు ఆగక్కర్లేదు మేడం."

"అయితే?"

"రెండో కౌంటర్ అక్కర్లేదు. బల్ల జరిపితే చాలు."

ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంత కళ్లున్నదానివి, ఆ చెత్తంతా ఎందుకు పోశావే దీని మీద? పో. ఇదొక్కటే రాసుకురా."

మూడు పేజీలు రాసి ఇచ్చాను. ఇంకుతో బి వేశారు. కానీ కాలేజీలో ప్రతి ప్రాజెక్టునూ ఇంకొకరు కూడా దిద్దాలి. డిపార్ట్‌మెంట్ హెడ్ దాన్ని తిప్పి కూడా చూడకుండా, పేజీలు చాలవని ఫెయిల్ చేశాడు. రజిత లిస్టు చూసొచ్చి, "నీ పని అయిపాయెనే. అత్తమ్మకు ఫోన్ చేసుకో ఇగ" అంది. నవ్వించాలనే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మేడం మాత్రం గ్రేడ్ల కమిటీ కూర్చోవాలని పట్టుబట్టారు. నన్ను కూడా వెంటబెట్టుకెళ్లారు. లోపలికి అడుగు పెడుతూనే గోడ మీది ఏసీ స్విచ్ ఆపేశారు. హెడ్ కనుబొమలు లేచాయి.

"రూలు ప్రకారం ఇది రిపోర్టే కాదు" అన్నాడాయన ఇంగ్లీషులో.

"ముందు చదవనివ్వండి. ఇందులో ఉండాల్సింది ఏది లేదో మీరు చెప్పండి. అది లేనందుకు ఫెయిల్ చేద్దాం" అన్నారు మేడం.

చదివాను. ముగించాక హెడ్ పేజీలు అటూ ఇటూ తిప్పాడు. ఏది లేదో వెతుకుతున్నట్టున్నాడు.

"ఊరికే రాశావా, ఎవరైనా చేసి చూశారా?"

"మా బాబాయ్ బల్ల జరిపించాడు సార్. ఇప్పుడు లైను తలుపు దాటట్లేదు."

కమిటీలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక సీనియర్ టీచర్ ఉండేది. ఆవిడ బల్ల మీద చెయ్యి కొట్టి, "మన క్యాంటీన్‌లో టీ కోసం నేను రోజూ శాండ్‌విచ్ వాళ్ల వెనక చస్తున్నాను, ఇదే కదా!" అంది. ఇక అందరూ నా సంగతి మర్చిపోయి, క్యాంటీన్‌లో ఏ బల్ల ఎక్కడుండాలో వాదించుకోసాగారు. హెడ్ కూడా కాగితం మీద ఒక గీత గీసి చూపించాడు. చివరికి, కాస్త సిగ్గుపడుతూనే, ఆయనే అన్నాడు. "దీనికి ‘ఏ’ ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు."

నా గుండె గంతేసింది.

"వద్దండి. ఇది బి" అన్నారు మేడం.

మెట్లు దిగుతుంటే ఉండబట్టలేకపోయాను. "మేడం! వాళ్లే ఇస్తామన్నరు గదా!"

"లైనులో నిలబడ్డవాళ్లలో ఒక్కడినైనా పలకరించావా? అది రాయలేదుగా. నువ్వు రాసింది బి. ఫెయిల్ అంటే వాళ్లతో కొట్లాడతాను, ‘ఏ’ అంటే కూడా వాళ్లతోనే కొట్లాడతాను."

కోపంగా ఆమె మొహంలోకి చూశాను. ఆమె నవ్వుతున్నారు, గెలిచి వస్తున్న మనిషి నవ్వు. నాకూ నవ్వొచ్చేసింది. ఆ సాయంత్రం నాన్న బి చూసి, వచ్చే సెమిస్టర్ ఫీజు కట్టేశాడు. మేడం దగ్గర ‘ఏ’ తెచ్చుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఈ ఊళ్లో ఉద్యోగం, నాన్న మీద ఆధారపడకుండా నా పేరున ఉన్న వీసా, ఇవాళ నా కింద పనిచేసేవాళ్లు నా గదికి వచ్చి నాతోనే వాదించగల ధైర్యం, అన్నీ ఆ బి తర్వాత వచ్చినవే.

కమిటీ కూర్చున్న ఆ వారంలోనే మేడం నాతో పాటు క్యాంపుకు వచ్చారు, తన కళ్లతో చూడాలని. ప్లేటు పట్టుకుని లైనులో నిలబడి, అన్నం పెట్టించుకుని, వంటవాళ్ల బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. ముందున్న ఒడిశా మనిషిని తన హిందీలో ఊరు, పిల్లలు అన్నీ అడిగేశారు. మేం బయటికి వచ్చేసరికి ఇంకా చీకటి పడలేదు. మెస్ వెనకాల ఇసుకలో, అంతకుముందు నేనెప్పుడూ చూడనిది, రెండు ఇనప గొట్టాలకు ఒక వల కట్టి ఉంది. లైను తొందరగా కదలడంతో వెలుతురుండగానే భోజనాలయిన మనుషులు బనియన్లతో వాలీబాల్ ఆడుతున్నారు. మేడం చెయ్యి కడుక్కున్న తడితోనే అంచు దాకా వెళ్లి నిలబడ్డారు. ఎవరు పాయింటు కొట్టినా, అటువాళ్లకూ ఇటువాళ్లకూ కూడా, చప్పట్లు కొట్టారు. బంతి ఒకటి బాగా పైకి లేచింది. కింద ఇసుకంతా నీడ పడిపోయింది, పైన బంతి మీద మాత్రం ఇంకా ఎండ ఉంది. అది ఎటు దిగుతుందా అని అందరితో పాటు ఆమె కూడా తలెత్తి చూస్తున్నారు.