చెల్లెలు గీసిన గుండ్రని అక్షరాలు

మొన్న సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో కొత్తగా తెరిచిన పిల్లల దవాఖానా ముందు ఆటో దిగి, బోర్డు చూసి అక్కడే నిలబడిపోయాను. గుజరాతీలో రాసి ఉంది. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. ఎక్కడా పదును లేదు, కొసలన్నీ వేలికొసల్లా గుండ్రం. మా చెల్లెలు గీసిన అక్షరాలవి.

చీరల డబ్బాల మీద బొమ్మలూ పేర్లూ గీసే దుకాణంలో పనిచేసేది తను. బజారుకు తీసుకెళితే ప్రతి బోర్డు ముందూ ఆగేది. కుల్ఫీ బండి మీది అక్షరాలు చూస్తూ నిలబడితే, బండివాడు కొంటుందనుకుని కుల్ఫీ చేతికిచ్చేసేవాడు. అట్లా నాకు చాలా కుల్ఫీలు దక్కాయి. తను గీసిన గుజరాతీ ఫాంటు చీరల డబ్బాలకీ, బిస్కెట్ పొట్లాలకీ, దుకాణాల బోర్డులకీ ఎక్కింది. మెత్తగా ఉంటాయి, ఎవర్నీ గద్దించినట్టుండవు అనేవారు. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది, బాపు కోసం, అంటే మా నాన్న కోసం. బతుకుదెరువుకు సూరత్ వచ్చి మరమగ్గాల దగ్గర ఏళ్లకేళ్లు దారాలు చూసి చూసి ఆయన చూపు మందగించింది. అమ్రోలిలోని మా ఇంట్లో, ఆయన చాయ్ తాగుతుంటే కాగితం ముందు పెట్టేది.

“బాపూ, జర గిది చదువు.”

“గిది ద నా, థ నా? సమజైతలేదు బిడ్డా.”

“సమజ్ కాకుంటే తప్పు నాది, నీది గాదు,” అని మళ్లీ కూర్చునేది. లావు గీతతో రాస్తే ‘థ’ పొట్టలోని చుక్క మూసుకుపోతుందట. పొట్ట వెడల్పు చేసేది, తలకట్టు కాస్త పైకి జరిపేది. గుజరాతీ బడిలో చదివిన పిల్ల, తెలుగు అక్షరాలన్నీ ఆయన దగ్గర అట్లాగే నేర్చుకుంది.

అంతలో రక్తంలో జబ్బన్నారు డాక్టర్లు. దవాఖానా మంచం మీద కూడా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒత్తులు గీసింది. “అక్కా, క్షకు నడుం సరిగ్గ వస్తలేదు,” అని నవ్వేది. క్ష వచ్చింది. ఫాంటు పూర్తయింది. వానలు మొదలుకాకముందే తను పోయింది.

దశదిన కర్మకు కార్డు అచ్చు వేయించాలి. ప్రెస్సాయన ఏ అక్షరాలు వేయమంటారని అడిగితే, తనవే ఇచ్చాను. ఆ తెలుగు అక్షరాలతో లోకంలో మొదట అచ్చయినది అదే. కార్డు బాపు చేతిలో పెట్టాను. కళ్లద్దాలు వెతుక్కోలేదు. పైకి చదివాడు, కూతురి పేరుతో సహా, ఎక్కడా ఆగలేదు. చదివి, పక్కన చెల్లెలు కూర్చుని ఉన్నట్టే అటు తిరిగాడు.

“గిప్పుడు సాఫ్ కనవడ్తున్నది బిడ్డా,” అన్నాడు.

ఆ మాట విని అమ్మ వంటింట్లో కూలబడిపోయింది. నేను ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక గుమ్మంలోనే ఉండిపోయాను.

ఇప్పుడు సూరత్‌లో ఏ వీధికి వెళ్లినా తన గీత ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. ఏటికేడు ఆ అక్షరాలు కొత్త గోడలకు ఎక్కుతూనే ఉన్నాయి. మా చెల్లెలు మాత్రం ఆ ఎండాకాలం దాటి ఇవతలికి రాలేదు.